శనివారం కూడిక ఆపలేదు

మంగళవారం ఉదయం ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపి ఫోను చూశాను. ఆంటీ తెల్లవారుజామున ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారని వాళ్ళమ్మాయి మా ప్రార్థన గ్రూపులో పెట్టింది. దానికి సరిగ్గా పైన, ముందురోజు నేను పెట్టిన మెసేజ్ ఉంది: ‘శనివారం సాయంత్రం క్లబ్‌హౌస్‌లో ఆంటీ స్వస్థత నిమిత్తం కృతజ్ఞతా కూడిక. అందరూ రండి.’

అమెరికాలో, ఈ ప్లెయిన్స్‌బరోలో మా శుక్రవారం ప్రార్థన ఆమె ఇంట్లోనే జరిగేది. ఒంగోలు వైపు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. భర్త పోయాక కూతురి దగ్గరికి వచ్చారు. మాదీ అటువైపే, పొగాకు పండించే ఊరు. నన్ను ‘అబ్బాయ్’ అనేవారు.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, హెచ్‌వన్ వీసా లాటరీ కోసం గట్టిగా ప్రార్థన చేస్తున్నాను. “ప్రభువా, ఈ మార్చిలోనే, ఈ కంపెనీ మీదనే, మొదటిసారికే...”

“అబ్బాయ్, ప్రార్థన చేస్తున్నావా, ఫామ్ నింపుతున్నావా?” అన్నారు ఆంటీ.

కళ్ళు మూసుకున్నవాళ్ళంతా నవ్వారు. నాకు మాత్రం చెవులు కాలాయి.

ఆ ఏడు నా పేరు రాలేదు. శుక్రవారాలు మానేశాను. మూడో వారం ఆమె వానలో తడుస్తూ పార్కింగ్ దాటి, కోడికూర డబ్బా పట్టుకుని నా తలుపు కొట్టారు.

“కోపంగా ఉందా?”

“ఎవరి మీద ఆంటీ?”

“అది నాకెందుకు, ఆయనతోనే చెప్పుకో. వింటాడు. ముందు అన్నం తిను.”

మరుసటి ఏడు లాటరీలో నా పేరు వచ్చింది. పరుగున వెళ్ళి చెప్పాను. ఆమె చేపలు వేయిస్తున్నారు. “స్తోత్రం” అని ముక్క తిరగేశారు.

“అంతేనా ఆంటీ?”

“నిరుడు రాలేదని దేవుడు తగ్గలేదు, ఇప్పుడొచ్చిందని పెరగలేదు. ముక్క తింటావా?”

ఈ ఎండాకాలంలో ఆమెకు కడుపులో క్యాన్సర్ బయటపడింది. మందు మొదలుపెట్టాక తీసిన స్కాన్‌లో గడ్డ కొంచెం తగ్గింది. ఆ ఉత్సాహంలో నేను క్లబ్‌హౌస్ బుక్ చేసి, స్వస్థత వచ్చేసిందని అందరికీ ముందే చెప్పేశాను.

“ఎవర్నడిగి పెట్టావు?” అన్నారు ఆంటీ.

“విశ్వాసంతో పెట్టాను.”

“విశ్వాసం మంచిదే. దేవుడికి తారీఖు కూడా నువ్వే ఇచ్చావా?”

నేను ఫోను జేబులో పెట్టుకున్నాను.

“బాగుచేస్తే సంతోషమే, నాకూ బతకాలనే ఉంది. చెయ్యకపోతే మటుకు ఆయన్ని తప్పుపట్టకు. పెట్టిన కూడిక ఆపకు, నేనున్నా లేకపోయినా.”

ఎప్పటిలా వేళాకోళమాడుతున్నారనుకున్నాను.

ఆమెకు కోరికలు లేవని కాదు. ఊళ్ళో భర్త సమాధి పక్కన తనకని చోటు ఉంచుకుని, చుట్టూ ఇటుకలు కట్టించుకున్నారు. వెళ్ళినప్పుడల్లా సున్నం వేయించేవారు. మందు ఇక పనిచేయడం లేదని డాక్టర్ చెప్పాక, “అమ్మా, నిన్ను ఊరికి తీసుకెళ్ళమంటావా?” అని కూతురు అడిగింది. నేను అక్కడే ఉన్నాను.

“ఇక్కడే పెట్టండి. మీరంతా సెలవులు పెట్టి అంతదూరం ఏం తిరుగుతారు? చివరి దినాన లేపేటప్పుడు ఆయన ఏ ఊరని అడగడులే.”

ఆ మాట అన్నాక చాలాసేపు గోడవైపు తిరిగి పడుకున్నారు. తేలిగ్గా వదిలిన కోరిక కాదది. అయినా మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

చివరి వారం కూడా నేను మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాను. ఆపితే నా విశ్వాసం తప్పని ఒప్పుకున్నట్టవుతుందని భయం.

మంగళవారమే ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. “ఇంకేం కృతజ్ఞత బ్రో, క్యాన్సిల్ చేసెయ్. జనం ఏమనుకుంటారు?” అతను అన్నదాంట్లో తప్పు లేదు. నాకూ ముఖం చెల్లలేదు. మెసేజ్ తీసేయబోతూ, ఒక మాట అడుగుదామని ఆంటీ కూతురికి ఫోన్ చేశాను.

“అమ్మ నీకు చెప్పలేదా?” అంది ఏడుస్తూనే. “నాకైతే పలావుకి ఎంత బియ్యం నానబెట్టాలో కూడా చెప్పింది.”

మెసేజ్‌లో ‘స్వస్థత నిమిత్తం’ అన్న రెండు మాటలు మాత్రం తీసేశాను.

శుక్రవారం ఇక్కడి నేలలోనే ఆమెను పెట్టాం. శనివారం క్లబ్‌హౌస్ నిండింది. నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. ఆయన ఆమెను ఎందుకు ఉంచలేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోయినా నమ్మవచ్చని ఆమె దగ్గర చూశాను, అది చాలు. లేచి నిలబడ్డాను. “ప్రభువా, ఆంటీని మాకు ఇచ్చావు. స్తోత్రం. తీసుకున్నావు. స్తోత్రం,” అన్నాను. ఆ తరువాత అడగవలసినదేదీ కనిపించలేదు. మనసులోనే ఆమేన్ అనుకుని కళ్ళు తెరిచాను.

నా ప్రార్థనల పొడవు తెలిసినవాళ్ళు కదా, ఎవరూ కళ్ళు తెరవలేదు. పలావు గిన్నె మూత కింద నుంచి ఆవిరి వస్తోంది. అందరూ తలలు వంచుకుని ఇంకా ఎదురుచూస్తున్నారు.