క్యారియర్ నిండా వడగళ్లు

గార్లదిన్నె దాటగానే వడగళ్ల వాన మా బస్సును ఆపేసింది. రోడ్డు అంత తెల్లగా ఉండడం మా సీమలో నేనెన్నడూ చూడలేదు. టైర్లు జారుతుంటే, డ్రైవరు ఎవరిదో శనక్కాయ పొట్టు మూట విప్పించి రోడ్డు మీద చల్లించాడు.

నా పక్క సీటు కూలి ఆమె మాత్రం దిగి, ఖాళీ క్యారియర్‌లోకి వడగళ్లు ఎత్తుకొచ్చింది.

"ఎందుకక్కా అవి?" అన్నాను.

"మా ఊర్లో చీనీకాయల తోట ఆయప్ప ఉండాడు. పోయిన ఎండల్లో కాయలు కోస్తా ఫ్రిజ్జు నీళ్లడిగితే, మీ మొగాలకు ఐసు నీళ్లు కావల్లనా అని నవ్వినాడు. ఈ దెబ్బకు వాని తోటలో కాయ మిగల్దు. వాని వాకిట్లో కూసోని ఇవి నములుతా."

"పోయేలోపల కరిగిపోతాయేమో."

ఆమె మూత బిగించింది. "కరగనీ. వాడు చూస్తాంటే తాగుతా."

అప్పటి నుంచి మా పనామె అడగకముందే ఫ్రిజ్ నీళ్లిస్తున్నాను, భయంతోనే.