కర్ర మడిచి సంచిలో పెట్టిన రోజు

సెల్‌ఫోన్లు మాట్లాడటం నేర్చిన కొత్తలో జరిగిందిది. నాకు పుట్టుకతోనే చూపు లేదు. పర్చూరు దగ్గర ఒక ఊరి బడికి టీచరుగా అప్పుడే బదిలీ అయ్యాను. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా బావమరిది దారి చెప్పే ఫోనొకటి తెచ్చి, బస్టాపు నుంచి బడి దాకా దారి అందులోకి ఎక్కించాడు.

"ఇంకా ఆ కర్రెందుకు బావా, ముష్టివాడిలా!" అన్నాడు.

నాకూ పౌరుషం పొడుచుకొచ్చింది. మర్నాడు నా తెల్ల మడతకర్రను మడిచి సంచిలో పడేసి, ఫోను చెవికి ఆనించుకుని దొరలా నడిచాను. తిన్నగా వెళ్ళమంది. వెళ్ళాను. కాళ్ళకింద ఏవో కరకరలాడాయి, జారి బోర్లా పడ్డాను. రోడ్డు మీద ఆరబోసిన మిరపకాయలు! చేతిలో కర్ర ఉంటే రెండడుగుల ముందే తెలిసేది.

"ఏవయ్యో! ఫోను మోజులో కళ్ళు కనపడట్లేదా?" అని ఒకావిడ కేక.

"కనపడవమ్మా."

"కాయంతా తొక్కి, పైగా వెటకారమా!" అంటూ చొక్కా పట్టుకుంది.

కంగారులో కళ్ళు నులుముకున్నాను. చూపు లేని కళ్ళకు మంట మాత్రం భేషుగ్గా తెలుస్తుంది. ఏడుస్తూనే సంచిలోంచి కర్ర తీసి విప్పాను. చొక్కా మీద చెయ్యి సడలింది.

"ఆ కర్రేదో ముందే తియ్యొచ్చుగా నాయనా!" అని చెంబెడు నీళ్ళు నా మొహాన కుమ్మరించింది. ఫోను మాత్రం ఇంకా తిన్నగానే వెళ్ళమంటోంది.

ఆనాటి నుంచి ఫోనూ, కర్రా రెండూ వాడుతున్నాను. వేసవిలో బావమరిది వచ్చి, "ఫోనుండగా ఇంకా ఇదెందుకు బావా?" అని మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఫోను నాకోసంరా. కర్ర, కళ్ళుండీ చూడని మీకోసం" అన్నాను.