ముందు సీటులోంచి ఒక ప్రశ్న

మెహదీపట్నం బస్టాపులో నిలబడి ఉండగా బస్సు తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది. పాత బస్సుల తలుపులా దడదడలాడలేదు. ఎవరో అలసిపోయి ఊపిరి వదిలినట్టు మెత్తగా బుస్సుమంది. వెంటనే లోపలి చల్లగాలి మొహానికి తగిలింది. కొత్త రెగ్జిన్ వాసన, ఎవరో పూసుకున్న అత్తరు వాసన అందులో కలిసి ఉన్నాయి. నేను ఎక్కవలసిన బస్సు అంతకు ముందే వచ్చింది. దాని వెనకాలే ఈ కొత్త కరెంటు బస్సు వస్తుండటం చూసి దాన్ని వదిలేశాను. అక్కడ కంటి ఆసుపత్రిలో నా భార్య పద్మ కంట్లో మందు వేయించుకుని, చూపు మసకగా ఉండి, నా కోసం కూర్చుని ఉంది. అది గుర్తొచ్చేసరికి చెవులు వేడెక్కాయి. రిటైరైన మనిషికి రావలసిన సిగ్గు కాదిది. చెవులు ఇలా వేడెక్కడం నాకు దోహాలో అలవాటైంది. ఆ రోజుల్లో అలా జరిగినప్పుడల్లా దాదాపు ప్రతిసారీ పక్కన ఒకావిడ ఉండేవారు. ఆవిడ మీకెవరికీ తెలియదు. పేరు వరలక్ష్మి గారు.

గ్యాసు డబ్బు దోహా ఊరినంతా తవ్విపోస్తున్న కాలమది. నిన్న ఉన్న రోడ్డు ఇవాళ ఉండేది కాదు. నేను ఒక కాంట్రాక్టు కంపెనీలో లెక్కలు చూసేవాణ్ణి. అల్ ముంతజాలో ఒక పాత మేడ మీద గది. పద్మ, మా పాప గుడివాడలో పద్మ అన్నయ్య ఇంట్లో ఉండేవారు. మా ఆఫీసులో డ్రైవింగు లైసెన్సు లేనివాణ్ణి నేనొక్కణ్ణే. మొదట్లో తోటి ఉద్యోగి మూర్తి తన కారులో తీసుకెళ్ళేవాడు. ఒకరోజు నేను కారు దిగుతుంటే, "తలుపు మెల్లగా వెయ్యండి మాస్టారూ, ఇది బస్సు కాదు" అన్నాడు. అప్పుడు వెనక సీటులో ఇంకొకడు కూడా ఉన్నాడు. మనిషిని ఒంటరిగా ఉన్నప్పుడు ఎన్నైనా అనొచ్చు. ఇంకొకడి ముందు అన్నాడే, అది నేను మరిచిపోలేదు. మర్నాటి నుంచి అతని కారు ఎక్కలేదు. అలా పౌరుషంతో సిటీ బస్సు పాలయ్యాను.

ఆ ఊళ్ళో సిటీ బస్సు అప్పటికి కొత్త. కూలిపని చేసేవాళ్ళు తప్ప ఆఫీసు ఉద్యోగుల కుటుంబాలు దాని వంక కూడా చూసేవి కావు. అందుకే నేను స్టాపులో తల వంచుకుని నిలబడేవాణ్ణి. వరలక్ష్మి గారు మాత్రం మెడ చాచి, బస్సు వచ్చే దిక్కుకు చూస్తూ, కాకినాడ నుంచి మేనమామ వస్తున్నాడన్నంత ఆత్రంగా ఉండేవారు. యాభై దాటిన మనిషి. నేత చీర, దాని కింద తెల్లటి బూట్లు, భుజాన బియ్యం సంచంత బ్యాగు. ఒక బడి ఆఫీసులో ఉద్యోగం. భర్త ఇంజనీరు, ఇంట్లో మంచి కారు ఉంది. అయినా బస్సే ఎక్కేవారు. తొలిసారి కలిసిన రోజున బస్సు ఆలస్యమని, నీడ లేదని, డ్రైవరు పలకరిస్తే పలకడని నేను వరసగా చెప్పుకొస్తుంటే ఆవిడ అంతా విని, "మీకు ఎప్పుడూ ఏదో ఒకటి బాగుండదా?" అన్నారు. అది కూడా నేను మరిచిపోలేదు.

ఆవిడ బస్సు పిచ్చి ఎలాంటిదో చెప్పాలి. బస్సుల గురించి ఆవిడకు తెలిసింది తక్కువ, అడిగేది ఎక్కువ. వెనక సీట్లు ఎందుకు ఎత్తుగా ఉంటాయి? గంట నొక్కితే డ్రైవరుకు ఎవరు నొక్కారో తెలుస్తుందా? ఈ బస్సు రాత్రి ఎక్కడ పడుకుంటుంది? ముందు వరసలు ఆడవాళ్ళవి, మేము వెనక. అందుకని ఆవిడ మెడ తిప్పి, మధ్యలో ఉన్నవాళ్ళందరి తలల మీదుగా అడిగేవారు. బస్సంతా వినేది. నేను కిటికీలోంచి చూస్తూ, నన్ను కాదన్నట్టు కూర్చునేవాణ్ణి. ఆవిడ మళ్ళీ అడిగేవారు, ఈసారి పేరు పెట్టి.

ఆవిడకు జవాబులిచ్చేవాడు రాజన్న. జగిత్యాల వైపు మనిషి, కట్టుబడి పనిలో ఉండేవాడు. శుక్రవారం సెలవు దొరికితే క్యాంపు నుంచి పాత ఊళ్ళోని పెద్ద బస్‌స్టాండుకు వచ్చి, ఏది కొత్తగా కనబడితే అది ఎక్కి చివరిదాకా పోయి అదే బస్సులో తిరిగి వచ్చేవాడు. ఆవిడా అంతే. ఎలా మొదలైందో తెలియదు గానీ కొన్నాళ్ళకు నేనూ అంతే. ఆవిడ కాఫీ ఫ్లాస్కు తెచ్చేవారు, రాజన్న పల్లీలు తెచ్చేవాడు, నేను ఫిర్యాదులు తెచ్చేవాణ్ణి. ఆవిడ ఏది అడిగినా రాజన్న క్షణం ఆలోచించకుండా చెప్పేసేవాడు, అది చాలాసార్లు తప్పయ్యేది. కొత్త బస్సులు జర్మనీ నుంచి ఓడలో వచ్చాయని ఒక వారం చెప్పాడు. మరుసటి వారం చైనా అన్నాడు.

"పోయిన వారం జర్మనీ అన్నావుగా రాజన్నా?" అన్నారు ఆవిడ.

"గవి గవే, గివి గివే మేడం. గవి జర్మనీకెల్లి అచ్చినయి."

"ఆ జర్మనీవి ఎక్కడున్నాయి మరి?"

"గవి నచ్చక వాపసు పంపిన్రు," అన్నాడు నిబ్బరంగా. ఆవిడ నవ్వి కాఫీ పోశారు.

కార్తీక మాసంలో తెలుగు కుటుంబాలన్నీ ఒక పార్కులో వనభోజనాలు పెట్టుకున్నాయి. నేను టాక్సీలో వెళ్ళి గేటు ముందు దిగాను. కాసేపటికి వరలక్ష్మి గారు రోడ్డు అవతలి స్టాపులో బస్సు దిగి, పులిహోర గిన్నె చంకన పెట్టుకుని నడిచి వచ్చారు. పట్టుచీరల మధ్యలోంచి ఒకావిడ జాలిగా, "కారు రిపేరా అండీ?" అని అడిగింది. "లేదండీ, ఇవాళ కొత్త బస్సు వేశారు. ఎక్కకపోతే ఎలా?" అన్నారు ఈవిడ.   అక్కడికి ముందే వచ్చిన వరలక్ష్మి గారి భర్త చేతిలో ఉన్న విస్తరాకుల కట్టను అటూ ఇటూ సర్దుకున్నారు. ఆయన కన్నా ఎక్కువ నాకు సిగ్గేసింది. ఆవిడ బస్సులో వచ్చారని కాదు. నాకు కూడా ఏ బస్సు వేశారో అడగాలనిపించింది. అది మొహంలో కనబడుతుందేమోనని సిగ్గు.

అంతలో మా కంపెనీకి దోహాకు దూరంగా, గ్యాసు కర్మాగారాలుండే రాస్ లఫాన్‌లో పెద్ద పని వచ్చింది. అక్కడి లెక్కలన్నీ చూసే ఉద్యోగం, దానితోపాటు అల్ ఖోర్‌లో కుటుంబం ఉండే ఇల్లు. పనివాళ్ళను క్యాంపుల నుంచి మోసే బస్సులున్నాయి గానీ ఆఫీసు మనిషి సొంతంగా తిరగాలి కాబట్టి లైసెన్సు తెచ్చుకుంటే పని నీదేనన్నాడు మేనేజరు. బడులు తెరిచేలోపు పద్మనూ పాపనూ తెచ్చుకోవచ్చు. వదిన ఇంట్లో మా పాప రెండోసారి పెరుగు అడగడం మానేసిందని పద్మ ఫోనులో చెప్పిన రోజులవి. అప్పటికే పరీక్ష కొన్నిసార్లు తప్పాను. ఒకసారి బండి నిలిపే చోట, ఒకసారి రౌండబౌట్ దగ్గర. ఆ రౌండబౌట్ విషయంలో తప్పు నాది కాదని ఇప్పటికీ అంటాను.

ఈసారి బాగా నేర్చుకుని వెళ్ళాను. పక్కన పరీక్షాధికారి, వెనక సీటులో వంతు కోసం కూర్చున్న ఇద్దరు. అందులో ఒకడు మా ఆఫీసు స్టోర్స్‌లో పనిచేసే కుర్రాడు, మూర్తికి శిష్యుడు. నా తలరాత అలాంటిది. రౌండబౌట్ సాఫీగా తిరిగాను. సందులోంచి పెద్ద రోడ్డెక్కాను. ఇక బండి తిప్పుకుని వెళ్ళడమే మిగిలింది. అప్పుడు కుడివైపు స్టాపులో ఒక బస్సు కనబడింది. సీట్లకు ప్లాస్టిక్ తొడుగులు కూడా తీయలేదు. ముందు అద్దం నేల దాకా ఉంది. అలాంటివి వస్తున్నాయని నెలల తరబడి మేము ముగ్గురం మాట్లాడుకున్నాం. రోడ్డెక్కింది అదే మొదటిది. అది మెత్తగా బుస్సుమని తలుపు మూసుకుని, ఎడమ దీపం వేసి బయటికి రాబోయింది. నేను నడిరోడ్డు మీద బండి పూర్తిగా ఆపేశాను. వెనక కార్లు హారన్లు మోగించాయి. పరీక్షాధికారి పోనిమ్మంటూ "యల్లా, యల్లా" అన్నాడు. నేను స్టీరింగు మీంచి చెయ్యి తీసి బస్సు డ్రైవరుకు రమ్మని ఊపాను. అది మా ముందు నుంచి పొడుగ్గా, మెల్లగా వెళ్ళింది. చివరిదాకా చూశాను. తల తిప్పేసరికి పరీక్షాధికారి నన్నే చూస్తున్నాడు. "ఖలాస్" అన్నాడు, కోపం లేకుండా.

మర్నాడు ఆఫీసులో టీ వేళకు మూర్తి, "మనవాడు బస్సుకు సలాం కొట్టాడండీ" అని చెప్పాడు. మేనేజరు కూడా నవ్వాడు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి నా బల్ల మీద ప్లాస్టిక్ బొమ్మ బస్సు ఉంది. పెట్టినవాడెవడో నాకు తెలుసు. రాస్ లఫాన్ ఉద్యోగం మూర్తికి వెళ్ళింది. అడిగినవాళ్ళంతా "మళ్ళీ పోయిందా?" అనే అడిగారు. ఆ "మళ్ళీ" నా వీపు మీద ఎక్కి కూర్చుంది. బస్సుకు దారి ఇవ్వడం మర్యాద అని, చట్టమని, నా మీద కక్ష కట్టారని, పైవాళ్ళకు ఫిర్యాదు చేస్తానని కనబడినవాళ్ళందరికీ చెప్పాను. వారం తిరిగేసరికి నేనే నమ్మాను. పద్మకు ఫోనులో చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

శుక్రవారం రాజన్న పక్కన, వెనక వరసలో కూర్చుని అంతా ఏకరువు పెట్టాను. రాజన్న పెదవి చప్పరించాడు. "పోనీ సార్. లైసెన్సు దునియల ఎక్కడికి పోతది," అన్నాడు. వరలక్ష్మి గారు ముందు సీటులోంచి మెడ తిప్పారు. విన్నారు. అయ్యో అంటారనుకున్నాను.

"ఏ బస్సు?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"నువ్వు దారి ఇచ్చింది ఏ బస్సుకి ప్రసాదూ? కొత్తదేనా? అద్దం కిందిదాకా ఉందా?"

ఉందన్నాను. ప్లాస్టిక్ తొడుగుల సంగతి చెప్పాను. తలుపు చప్పుడు ఎలా ఉందో చెప్పాను. చెబుతూ ఉంటే నా గొంతు మారిపోవడం నాకే వినబడింది. రాజన్న పల్లీలు తినడం ఆపి వింటున్నాడు. నేను ఆగాక ఆవిడ గొంతు తగ్గించి, మొదటిసారిగా బస్సంతా వినకుండా అడిగారు.

"మర్యాదకు ఆపావా, చూడ్డానికి ఆపావా?"

చుట్టూ చూశాను. చెవులు కాలిపోతున్నాయి. "చూడ్డానికండీ," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. తల ఊపారు. "నేనైనా ఆపేదాన్నే. పద్మకి ఇదే చెప్పు. ఇంకోటి చెప్పకు," అని ముందుకు తిరిగి కూర్చున్నారు.

ఆ మాటకు ఆవిడ మీద చాలా కోపం వచ్చింది. నా కాపురం సంగతి ఆవిడకెందుకు? అయినా ఆ సాయంత్రం ఫోను కార్డు కొని పద్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. బస్సు, తొడుగులు, వరలక్ష్మి గారు అడిగిన మాట, అన్నీ.  అవతల వాళ్ళ వంటింట్లో గిన్నెల చప్పుడు. "అయితే పాపను ఇక్కడే బడిలో వేస్తున్నాను," అని ఫోను పెట్టేసింది. కొన్ని వారాలు సరిగ్గా మాట్లాడలేదు. నిజం చెప్పినందుకు నాకేమీ ఒరగలేదు. మూర్తి మీద కోపం అలాగే ఉంది. ఒక్కటి మాత్రం జరిగింది. పరీక్షాధికారి మీద ఫిర్యాదు చేద్దామని కూర్చుంటే ఒక్క మాట కూడా రాలేదు. నా జీవితంలో నేను మానుకున్న ఫిర్యాదు అదొక్కటే.

ఏడాది ఆలస్యంగా లైసెన్సు వచ్చింది, పద్మా పాపా వచ్చారు. అప్పటికి వరలక్ష్మి గారు లేరు. భర్త ఉద్యోగం ముగిసి కాకినాడ వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు సామానుతో ఆయన కారులో విమానాశ్రయానికి వెళితే, ఆవిడ బస్సులో బయల్దేరారు. రాజన్న డ్యూటీ మార్పించుకుని వచ్చాడు, నేనూ ఎక్కాను. దారి పొడుగునా ఆవిడ ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు, రాజన్న తప్పులు చెబుతూనే ఉన్నాడు. స్టాపులో దిగి, బస్సు వెళ్ళిపోయేదాకా చూసి, "రాత్రి ఇది ఎక్కడ పడుకుంటుందో చివరికి మీరిద్దరూ చెప్పనే లేదు," అన్నారు. మళ్ళీ ఆవిడను చూడలేదు.

మెహదీపట్నంలో ఆ కరెంటు బస్సు ఎక్కాను. ముందు వైపు ఆడవాళ్ళ సీట్లు. అందులో ఎవరూ మెడ తిప్పలేదు. నాలుగు స్టాపులు పోయాక గానీ అది ఆసుపత్రి దారిలో వెళ్ళదని తెలియలేదు. ఫోను మోగింది. పద్మ.

"ఎక్కడున్నారు?"

ట్రాఫిక్కు మీద చెప్పొచ్చు. రోడ్లు తవ్వినవాళ్ళ మీద చెప్పొచ్చు. ఆ మాటలు నా నోటికి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. "వేరే బస్సు ఎక్కాను," అన్నాను. "కొత్తది వచ్చింది."

 గుడివాడ నుంచి ఆ రోజు గిన్నెల చప్పుడు విన్నట్టే, ఫోను చెవికి ఆనించుకుని విన్నాను. ఆసుపత్రిలో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు. చూపు ఆనని కళ్ళతో పద్మ ఆ ఫోను ఎలా నొక్కిందో అనుకున్నాను. నా చెవులు రెండూ మండుతున్నాయి.

"ఏ బస్సు?" అంది పద్మ.

చెప్పాను.