నూకల మీద మొట్టమొదటి పరిశోధకుడు

పెట్టె కనిపిస్తే నింపాలి, ఖాళీగా వదిలితే ఎదుటివాళ్లను అవమానించినట్టే అని నేను గట్టిగా నమ్మిన రోజులవి. సూర్యాపేటలో పీజీ ఆఖరి సంవత్సరం. మా మేనమామకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది కాబట్టి, వడ్లు ఆడించేటప్పుడు బియ్యం విరిగి నూకలెందుకు అవుతాయన్నదే ప్రాజెక్టుగా తీసుకున్నాను. (మామకు నూకలు చూస్తే సొంత మనిషి పోయినంత బాధ.) దీని మీద ఇంతకుముందు ఎవరెవరు ఏం రాశారో వెతికి మొదటి రివ్యూలో చూపించాలి. చూపించలేకపోతే ప్రాజెక్టుతో పాటు ఏడాది కూడా పోతుందని మా గైడు మేడం ముందే చెప్పారు.

వెతకడానికి కాలేజీలో పరిశోధన వ్యాసాల డేటాబేస్ ఉండేది. తెరిస్తే వరుసగా పెట్టెలు: రచయిత, శీర్షిక, సంస్థ, సంవత్సరం, భాష. మా వైపు ఏ గుమ్మం ముందు నిలబడి ఏం అడిగినా "ఎవరి పిల్లగానివి, ఏ ఊరు" అన్నాకే మాట్లాడతారు కదా, ఇక్కడా అంతే అనుకున్నాను. రచయిత దగ్గర ఇంటిపేరుతో సహా నా పేరు రాశాను. సంస్థ దగ్గర మా కాలేజీ, సంవత్సరం దగ్గర నేను చేరిన సంవత్సరం, భాష దగ్గర నిజాయితీగా తెలుగు. శీర్షిక దగ్గర నా ప్రాజెక్టు పేరు మొత్తం, చివర మిర్యాలగూడ కూడా చేర్చి. నొక్కితే ఫలితాలు సున్నా. నాకు ఒళ్లు పులకరించింది. ప్రపంచంలో ఎవరూ నూకల జోలికి పోలేదన్నమాట.

ఆగలేక మామకు ఫోన్ చేశాను. "అంటే ఏంది అల్లుడా, మనకంటె ముందు ఎవ్వరు చెయ్యలేదా?" అన్నాడు. "ఎవ్వరు లేరు మామా, కంప్యూటరే చెప్పింది." "జపానోళ్లు గూడ? వాళ్లు గూడ బియ్యమే తింటరు గదా." "సున్నా అని వచ్చింది మామా." "అట్లయితే ఇగ ఊకుంటే ఎట్ల," అన్నాడు మామ. ఆయన ఊరుకోలేదు. మర్నాటికల్లా సూర్యాపేట బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ లేచింది: "ప్రపంచంలోనే మొట్టమొదటి నూకల పరిశోధకునికి శుభాకాంక్షలు." ఒక పక్క చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని నేను, నాకు రెండింతల సైజులో మామ.

మేడంది కోదాడ. రోజూ బస్సులో వచ్చేవారు. దిగీదిగగానే నన్ను పిలిపించారు. "ఏంటయ్యా ఆ ఫ్లెక్సీ? ఏం వెతికావో నా ముందు చెయ్యి." గర్వంగా అన్ని పెట్టెలూ నింపి చూపించాను. ఆవిడ ఒక్కో పెట్టె మీద వేలు పెట్టి చదివారు. "అంటే ఈ కాలేజీ నుంచి, నువ్వు చేరిన సంవత్సరంలోనే, నువ్వు తెలుగులో రాసిన వ్యాసం ఇమ్మన్నావు. నువ్వింకా రాయలేదుగా, అది మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది పాపం?"

తర్వాత తనే నేర్పారు. "రచయితంటే రాసినవాళ్లు, అడిగేవాళ్లు కాదు. అక్కర్లేని పెట్టె ఖాళీగా వదిలెయ్, అదేం అలగదు. శీర్షికలో ముఖ్యమైన మాటలు చాలు. ఒకే సంగతిని ఒక్కొక్కళ్లు ఒక్కో మాటతో రాస్తారు, వాటి మధ్య 'ఆర్' పెట్టు, ఇది ఉన్నా అది ఉన్నా తెస్తుంది." నొక్కితే మిల్లులో గొట్టం తెరిచినట్టు వ్యాసాలు కురిశాయి. జపాన్ వాళ్లే బోలెడంతమంది. పైన మాత్రం ఒక తెలుగాయన పేరే మళ్లీ మళ్లీ కనిపించింది. "ఈయనే రేపు నీ రివ్యూకి వచ్చేది," అన్నారు మేడం చల్లగా.

బయటికి రాగానే మామకు ఫోన్ చేసి ఫ్లెక్సీ తీసేయమని బతిమాలాను. "కట్టిన తెల్లారే విప్పితే మిల్లోళ్లు ఏమనుకుంటరు? 'ప్రపంచంలోనే' మీద కాగితం అంటిస్త తియ్," అన్నాడు. అంటించాడు కూడా. రాత్రి గాలికి ఆ కాగితం ఎటో పోయింది.

రివ్యూలో ఆ పెద్దాయన నేను తెచ్చిన వ్యాసాల గురించి చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. నేను బతికిపోయాననుకునేసరికి కళ్లజోడు తీసి, "బస్సు దిగగానే నీ ఫోటో చూశాను బాబూ. మరి ఇన్నేళ్లూ నేను చేసిందేంటో నాకు అర్థం కాలేదు," అన్నారు. జరిగింది చెప్పాను. ఆయన కళ్లు తుడుచుకునేంత నవ్వారు. "ఇప్పుడు వెతకడం వచ్చిందిగా, కానివ్వు. ఆ పెట్టెలో నీ పేరు మాత్రం అప్పుడప్పుడు కొట్టి చూస్తూ ఉండు," అన్నారు.

మొన్నొక మధ్యాహ్నం ఏమీ తోచక అదే డేటాబేస్ తెరిచి, రచయిత దగ్గర నా పేరు కొట్టి, మిగతావన్నీ ఖాళీగా వదిలాను. ఒకటి వచ్చింది, నూకల మీదే. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. మామకు చెబుదామని ఫోన్ తీసి, ఆయన సంగతి గుర్తొచ్చి మళ్లీ జేబులో పెట్టుకున్నాను. పాత ఫ్లెక్సీని ఆయన ఇప్పటికీ మిల్లులో బస్తాల మీద కప్పుతున్నాడు. దాని మీద చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఇన్నేళ్లుగా వింటున్న ఆ పిల్లగాడికి ఈ కబురు ముందు చెప్పాలనిపించింది.