రహీంబీ గడప

గద్వాల నేతగాళ్ల వీధిలో పడుగుకు, అంటే మగ్గానికెక్కే నిలువు దారాలకు, గంజి పట్టించే రోజున ఇల్లిల్లూ తిరిగి సాయానికి పిలవాలి. ఒక్క గడప తప్పించినా ఆ ఇంటిని వెలివేసినట్టే. వీధి పొడవునా పరిచిన దారాలను ఎండ ముదిరేలోగా కుంచెలతో దువ్వకపోతే అంతా అట్టకడుతుంది. ఒకరిద్దరితో అయ్యే పని కాదది.

జములమ్మ కుదురుగా కూర్చునే మనిషి కాదు. అలంపూర్ నుంచి కోడలై వచ్చిన నాటి నుంచీ ఎవరి పడుగైనా ముందు ఆమె కుంచే కదిలేది. కొస పట్టేది మాత్రం ఎదురింట్లో నూలుకు రంగులద్దే రహీంబీ.

యూనియన్ సైన్యం వచ్చి రజాకార్ల గొడవ సద్దుమణిగిన ఏడాది, రహీంబీ మొగుడు ఎటో పోయాడు. రజాకార్లలో కలిశాడన్నారు, కళ్లతో చూసినవాళ్లు లేరు. అయినా వీధిపెద్ద శాంతయ్య ఆమెను ఇక పిలవొద్దన్నాడు. అందరితో పాటు జములమ్మా తలూపింది.

తన పడుగు రోజున తెల్లవారుతూనే పిలుపులకు బయలుదేరి రహీంబీ గడప దాటేసింది. రెండిళ్లు పిలిచింది. మూడో గడప ముందు ఆగిపోయింది. తనను తానే తిట్టుకుంటూ వెనక్కి వచ్చి తలుపు కొట్టింది.

“నాకోసం నీ పడుగు చెడగొట్టుకోకు జములక్కా,” అంది రహీంబీ లోపలి నుంచే.

“చెడితే చెడనియ్యి. వచ్చి కొస పట్టు.”

గంజి పూశాక రహీంబీ వచ్చి కొస పట్టింది. ఆమెను చూడగానే మిగతావాళ్లు కుంచెలు కిందపెట్టి వెళ్లిపోయారు. ఆడవాళ్లిద్దరూ ఒళ్లు హూనం చేసుకున్నా సగం పడుగు అట్టకట్టింది. నేస్తున్నన్నాళ్లూ జానెడుకో దారం తెగింది, తెగినచోటల్లా ముడి పడింది. ఎవరూ కొనని ఆ ముడుల చీరను జములమ్మ పంతం కొద్దీ తానే కట్టుకుని వీధంతా తిరిగింది.

శాంతయ్య వంతు వచ్చింది. సన్నని నూలు పడుగు, దాన్ని దువ్వడానికి జములమ్మంత చెయ్యి వీధిలో లేదు. పొద్దున్నే పిలవడానికి వచ్చినవాడు ఆమె చీర మీది ముడులు చూసి చూపు తిప్పుకున్నాడు.

“వస్త బావా. ఎదురింట్ల పిలిచినవా?” అని అడిగింది.

శాంతయ్య నసిగాడు. జర ఆలోచించు, వీధి ఏమంటుందో అన్నాడు. జములమ్మ కుంచె ఒళ్లో పెట్టుకుని తన గడప మీద కూర్చుంది. ఆమె అంత కుదురుగా కూర్చోవడం ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

ఎండెక్కుతోంది. శాంతయ్య తన పడుగు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆఖరికి వీధి దాటి, రహీంబీ తలుపు ముందు నిలబడి, గొంతు సవరించుకున్నాడు.