వెనక్కి నడిచే మాస్టారు

మైలవరం బళ్ళో మాకు బ్యాండు నేర్పిన మాస్టారు ఊరేగింపులో ముందుకు చూసి నడవడం నేనెప్పుడూ ఎరగను. బ్యాండు మాస్టార్లందరూ కర్ర తిప్పుకుంటూ ముందు నడుస్తారు. ఈయన మాత్రం మా వైపు తిరిగి, చేతులతో తాళం చూపిస్తూ మెయిన్ రోడ్డంతా వెనక్కి వెనక్కి నడిచేవారు.

"ఎందుకండీ ఈ పాట్లు?" అని హెడ్మాస్టరు గారు అడిగితే, "పిల్లల మొహాలు కనబడకపోతే ఎవరికి ఊపిరి చాలట్లేదో నాకెలా తెలుస్తుందండీ?" అన్నారు.

ముందు వరసలో క్లారినెట్ నాది. ఆయన వెనకాల గుంత వస్తే కనుబొమలు ఎగరేసి చెప్పడం కూడా నా పనే.

ఒక ఆగస్టు పదిహేనున పాట మధ్యలో ఒళ్ళు మరిచిపోయాను. మాస్టారు బస్టాండు ముందు గుంతలో పడ్డారు. బురదలో కూర్చునే తాళం చూపించి, పాట అయ్యాకే లేచారు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఏడవకమ్మా. నువ్వు నిజంగా వాయించింది ఇవాళే" అన్నారు ప్యాంటు తుడుచుకుంటూ.

ఆయన పోయి రెండేళ్ళయింది. ఆటోనగర్లో నేను పనిచేసే షాపు ముందు నుంచి అప్పుడప్పుడూ పెళ్ళి బ్యాండు వెళ్తుంది. అందరితోపాటు నేనూ బయటికొచ్చి చూస్తాను. వాళ్ళ మాస్టారు ముందుకే చూసి నడుస్తుంటాడు. అయినా రోడ్డు మీద గుంత కనబడగానే నా కనుబొమలు వాటంతటవే లేస్తాయి.