మూత మీది రంగు

పిడుగురాళ్లలో లారీల మీద రంగులేసే మనుషులు అప్పట్లో చాలామందే ఉండేవాళ్లు గానీ యేసుపాదం లెక్క వేరు. మిగతావాళ్లు అక్షరాలు రాసేవాళ్లు. ఈయన అక్షరాలకు నగలు పెట్టేవాడు. సున్నపురాయి లారీ వెనక చెక్క మీద ఆయన రెండు నెమళ్లు వేశాడంటే, ఆ డ్రైవరు బండిని టీకొట్టు వైపు వెనక్కి తిప్పి మరీ నిలబెట్టేవాడు, నలుగురి కంట్లో పడాలని. అంత పనితనం ఉన్న మనిషికి కాస్త గీర ఉంటే తప్పేం లేదు. ఈయనకు కాస్త కాదు, లారీకెత్తేంత ఉండేది. నా రంగులో తప్పు పట్టేవాడు ఇంకా పుట్టలేదని రోజుకోసారైనా అనందే ఆయనకు తోచేది కాదు.

ఎనభై ఆరులో ఆయన చేతికి ఒక పాత జావా మోటారు సైకిలు వచ్చింది. సున్నపు బట్టీ యజమాని ఒకాయన షెడ్డులో గోనెసంచుల కింద ఏళ్ల తరబడి పడి ఉన్న బండి. దుమ్ము పేరుకుపోయి అసలు రంగేదో కూడా తెలియడం లేదు. అడ్డం తప్పితే చాలని తీసుకుపొమ్మన్నాడాయన. యేసుపాదం దాన్ని తోసుకుంటూ ఇంటికి తెస్తే, భార్య మరియమ్మ గుమ్మంలో నిలబడి, దీన్ని లోపల పెట్టి మమ్మల్ని బయట పెడతావా అని అడిగింది. ఇంచుమించు అంతే జరిగింది. రేకుల పంచ బండికి వచ్చింది, మరియమ్మ పొయ్యి పెరట్లోకి పోయింది.

ఇంజను సంగతి యేసుపాదానికి బొత్తిగా తెలియదు. అందుకు ఖలందర్ ఉన్నాడు. రెండిళ్ల అవతల కాపురం, లారీ స్టాండు దగ్గర మోటారు సైకిళ్ల షెడ్డు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి బావా అంటే బావా అనుకునేవాళ్లు. షెడ్డు మీద ‘ఖలందర్ మోటార్ సైకిల్ వర్క్స్’ అని ఎర్ర అక్షరాలకు పచ్చ నీడ పెట్టి బోర్డు రాసిచ్చింది యేసుపాదమే. సగంమంది బోర్డు చూసే లోపలికి వస్తారని ఖలందర్ నవ్వేవాడు.

రోజూ సాయంత్రం షెడ్డు మూశాక ఖలందర్ ఆ పంచలోకి వచ్చి పీట వేసుకుని కూర్చునేవాడు. పట్టేసిన పిస్టన్‌ను కిరసనాయిలులో నానబెట్టి కదిలించాడు. కార్బొరేటర్ విప్పి, సన్నటి దారులన్నీ ఊదుకుంటూ శుభ్రం చేశాడు. లేని సామాన్ల కోసం గుంటూరులో పాత ఇనప కొట్లన్నీ తిరిగాడు. కూలి మాటెత్తితే మొహం చిట్లించేవాడు. యేసుపాదం మాత్రం ట్యాంకు దగ్గరే ఉండిపోయాడు. ఉప్పు కాగితంతో రుద్ది, మెరూన్ రంగు కొట్టి, పక్కన బంగారు గీతలు లాగాడు. పెట్రోలు మూత తుప్పు పట్టి ఉంది, కొత్తది ఎక్కడా దొరకలేదు. దాన్నీ గీకితే నడిమధ్యన సూదిమొనంత చిల్లు కనబడింది. తుప్పు తిన్నదనుకుని లప్పం పెట్టి మూశాడు. లోపలా బయటా వెండి రంగు పూతల మీద పూతలు వేసి, పైన చిన్న గులాబీ పువ్వు వేశాడు. ఆ పువ్వు చూడ్డానికి పక్క వీధి ఆడవాళ్లు కూడా వచ్చారు.

బండి లేచిన రోజు వీధంతా పొగ. యేసుపాదం ఖలందర్‌ను వెనక ఎక్కించుకుని వీధి చివరిదాకా తిప్పి తెచ్చాడు, పెళ్లికొడుకులాగా.

దూరం పోతేనే తంటా వచ్చేది. ఊరు దాటి కొంత పోగానే గురగురమని ఆగిపోయేది. పెట్రోలు అయిపోయిందేమోనని మూత తీసి చూస్తే కావలసినంత ఉండేది. మూత బిగించి కిక్కు కొడితే మళ్లీ నడిచేది, మళ్లీ ఆగేది. షెడ్డుకు తీసుకుపోతే ఖలందర్ కూడా ముందు మూత తీసి చూసేవాడు, తర్వాత కిక్కు కొట్టేవాడు. ఒక్క కిక్కుకే అందుకునేది. బండికేం రోగం లేదు బావా అనేవాడు. రెండుసార్లు ఆ మాట విన్నాక యేసుపాదం మనసులో అనుమానపు పురుగు దూరింది.

చర్చిలో కోతపండుగ వచ్చింది. దాచేపల్లి నుంచి పాస్టరు గారిని నా జావా మీద తీసుకొస్తానని యేసుపాదం అందరిలో మాటిచ్చాడు. దారి మధ్యలో బండి ఆగింది. కిక్కు మీద కిక్కు కొట్టి కాలు వాచిందే గానీ ఈసారి కదల్లేదు. కోపంలో మూత తీసి చూడాలని కూడా తోచలేదు. తెల్లబట్టల పాస్టరు గారు చివరికి రాళ్ల లారీ ఎక్కి, దుమ్ము కొట్టుకుని ప్రార్థనకు చేరారు. యేసుపాదం చాలాసేపటికి బండి తోసుకుంటూ లారీ స్టాండులో యల్లమంద టీకొట్టు ముందుకు వచ్చాడు. బండి నిన్ను మోస్తందా, నువ్వు బండిని మోస్తన్నావా అని ఎవరో అడిగారు. అందరూ నవ్వారు.

అక్కడే నోరు జారింది. "నా పని ఎదురుగానే ఉంది, చూసుకోండి. లోపల ఏం మార్చాడో ఖలందర్‌ని అడగండి. అసలు కార్బొరేటర్ నొక్కేసి డూప్లికేట్‌ది తగిలించాడు."

ఖలందర్ అక్కడే ఉన్నాడు, చేతిలో టీ గ్లాసుతో. గ్లాసు బల్ల మీద పెట్టి షెడ్డుకు వెళ్లిపోయాడు. పాత జావా సామాను దొరకని సరుకని అందరికీ తెలుసు గనక మాట అతుక్కుంది. షెడ్డుకు వచ్చే బండ్లు పలచబడ్డాయి. వచ్చినవాళ్లు కూడా పక్కనే నిలబడి, అతని చేతులకేసే చూసేవాళ్లు. ఖలందర్ బోర్డు దించి గోడకు తిప్పి పెట్టాడు.

కొన్నాళ్లకు యేసుపాదం మరియమ్మను ఎక్కించుకుని జానపాడు నుంచి వస్తున్నాడు. బండి మామూలుగానే ఆగింది. ఖలందర్‌ను తిట్టుకుంటూ మూత తీశాడు. "ఆగయ్యా," అంది మరియమ్మ. "మూత తీసినప్పుడల్లా అట్టా బుసకొడతందేంది?"

యేసుపాదం మూత తిరగేసి చూశాడు. లప్పం పెట్టిన చోటు గుర్తొచ్చింది. లోపలికి గాలి పోయే దారి అదొక్కటే. గాలి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు. మూత తీసినప్పుడల్లా గాలి పీల్చుకుని బతికింది బండి. మరియమ్మ పవిట పిన్నీసు అడిగి తీసుకుని గులాబీ నడుమన పొడిచాడు. బండి ఇంటిదాకా ఆగకుండా నడిచింది. మరియమ్మ సంబరపడిపోయింది. యేసుపాదానికి మాత్రం ఆగకుండా నడిచిన ప్రతి గజమూ చెప్పుతో కొట్టినట్టుంది.

అంతకంటే ఘోరం మర్నాడు జరిగింది. బండి చక్కగా నడవడం చూసి యల్లమంద కన్నుకొట్టాడు. గట్టిగా అడిగేసరికి ఖలందర్ అసలుది మళ్లీ తగిలించాడన్నమాట, అన్నాడు. బండి బాగుపడటమే స్నేహితుడి దొంగతనానికి రుజువై కూర్చుంది. యేసుపాదం అది కాదని చెప్పకుండా, టీ తాగకుండా లేచిపోయాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం ఖలందర్ ఇంటికి వెళ్లాడు. భార్య గుల్జార్ బేగం తలుపు తీసింది. గొంతు తగ్గించి, తప్పు నాదే చెల్లెమ్మా, చిల్లు నేనే మూశానని అంతా చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"అన్నా, ఆడ పదిమందిలో అన్నావు. ఈడ గుమ్మంలో నుంచోని మెల్లగా చెప్తే ఆళ్లకి వినపడతదా?"

లోపల ఖలందర్ దగ్గు వినిపించింది. అతను బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున యేసుపాదం మూత చిల్లులో సబ్బు కూరాడు. ఊరి బయటిదాకా పోయి వెనక్కి తిరిగాడు. అనుకున్నట్టే బండి ఆగింది. అక్కడి నుంచి టీకొట్టుదాకా తోసుకొచ్చాడు. మళ్లీ మార్చాడా ఖలందర్ అని నవ్వులు మొదలయ్యాయి. యేసుపాదం అందర్నీ దగ్గరికి పిలిచి, వినండంటూ మూత తిప్పాడు. బుస్సుమంది.

"ఈ చిల్లు మూసింది నేను, గాలి ఆడకే బండి ఆగేది. లప్పం నాది, రంగు నాది. కార్బొరేటర్ మొదటి నుంచీ అసలుదే, ఎవరూ మార్చలా. దొంగతనం అంటగట్టింది నేను. ఖలందర్ ఏ పాపం ఎరగడు."

నీ రంగులో తప్పు పట్టేవాడు పుట్టలేదంటివే అన్నాడు యల్లమంద. పుట్టాడు, ఈడనే ఉన్నాడన్నాడు యేసుపాదం తలెత్తకుండా. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. ఆయన బ్లేడు తీసి, అందరి ముందూ గులాబీని గీకేశాడు. మూత మీద ఉత్త రేకు తేలేదాకా అందరమూ చూశాం.

షెడ్డుకు బండ్లు మళ్లీ వచ్చాయి. కొన్నాళ్లకు ఖలందర్ మాట్లాడాడు కూడా. టీ తాగుదాం రా బావా అని అతనే పిలిచాడు. బోర్డు మళ్లీ పైకెక్కింది. కానీ పాత అక్షరాల మీద సున్నం కొట్టి, ఖలందర్ తనే కుంచె పట్టి రాసుకున్నాడు. పేరు ఒకవైపు ఒరిగింది. ‘వర్క్స్’ చోటు చాలక కిందికి జారింది.

యేసుపాదం చూడలేక రంగుల డబ్బా పట్టుకుని వెళ్లాడు. బోర్డు దించితే సాయంత్రానికల్లా రాసిస్తానన్నాడు.

ఖలందర్ నట్టు బిగిస్తూనే ఉన్నాడు. "వద్దులే బావా. వంకరగా ఉన్నా నా పేరు నా చేత్తోనే ఉండనీ."

యేసుపాదం డబ్బా తీసుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ జావా మళ్లీ ఎన్నడూ దారిలో ఆగలేదు. కానీ ఆ బోర్డు ముందుకు రాగానే ఆయన ఇంజను ఆపి, దిగి, తల వంచుకుని అవతలిదాకా తోసుకుంటూ పోయేవాడు. ఎందుకు తోస్తున్నావని మా ఊళ్లో ఎవరూ అడగలేదు.